తొమ్మిదో అంతస్తు కిటికీ

పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 6

అక్కకు,

ఈ ఉత్తరం వెనకే వచ్చే అట్టపెట్టె విప్పడానికి నీ పెద్ద కత్తెర వాడకు. లోపల ఉన్నది బట్ట కాదు. అరచేతుల్లో పట్టుకుని ఆడే ఆటల యంత్రం. దానితోపాటు గోరంత కార్డులో ఒక ఆట కూడా ఉంది.

మా పత్రికలో "ఈ నెల ఆడినవి" పేజీ నాదేనని నీకు తెలుసు. టీవీకి తగిలించి ఆడేవి, చేతిలో పట్టుకుని ఆడేవి, కొత్తగా వచ్చినవన్నీ ఆడి నాకు తోచింది రాస్తాను. పదమూడేళ్లుగా ఇదే నా ఉద్యోగం. ఈమధ్య ఆటలు మరీ ఎక్కువయ్యాయి, నా బుర్ర మొద్దుబారింది. వీటి గురించి ఏమీ తెలియని మనిషికి ఇవి ఎలా కనిపిస్తాయో తెలుసుకోవాలని ఉంది. నువ్వు పొద్దున ఆరింటికి కుట్టుగది షిఫ్టుకి పోయి రెండింటికల్లా ఇంట్లో ఉంటావు. మధ్యాహ్నాలు ఓ గంట ఆడి, ఎలా ఉందో రాయి. ఫోనులో వద్దు. ఫోనులో అయితే "బాగుందిరా" అని పెట్టేసి ఊరుకుంటావు. కాగితం మీదైతే నీ నోరు ఆగదు.

మన వీధి చివర కొట్లో నాణెం వేసి ఆడే పెట్టె గుర్తుందా? నేను మీటలు నొక్కుతుంటే, నా భుజం మీద గడ్డం ఆనించి "ఎడమకి రా, ఎడమకి!" అని చెవులు దిబ్బళ్లు పడేలా అరిచేదానివి. అక్కడ నేను గెలిచినవన్నీ నీ కళ్లతో గెలిచినవే.

తమ్ముడు

———

ఇంటి వెనక వరండా
జూన్ 19

చిన్నోడా,

కత్తెరతోనే విప్పాను. ఏమీ తెగలేదు.

ముందు నన్నొకటి అడగనీ. ఉత్తరం టైపు చేశావేమిటి? కరెంటు ఆఫీసు వాళ్ల నోటీసనుకుని రెండు రోజులు చూరులో దోపి ఉంచాను. ముత్యాల్లాంటి రాత పెట్టుకుని అక్కకి అచ్చు కాగితం పంపుతావా? పెద్దవాడివైపోయావులే.

ఇక నీ ఆట. తాళాలు తీసేవాడి కథ. ఊళ్లో అందరూ తాళంచెవులు పోగొట్టుకుని వీధిలో నిలబడతారు. మనం తాళానికి చెవి ఆనించి, లోపల టిక్కుమన్నప్పుడు మీట నొక్కాలి. నాకది కష్టమనిపించలేదు. ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ల మోతలో ఏ మిషన్ సూది విరగబోతుందో చెప్పిన చెవులివి. కష్టమల్లా ఎడమ చేతితోనే. కటింగు మిషన్ కింద నలిగినప్పటి నుంచి నా ఎడమ బొటనవేలు సగమే వంగుతుంది, బొమ్మను నడిపించే పుల్లేమో ఆ వైపే పెట్టారు. నా బొమ్మ తాగినవాడిలా గోడలకి గుద్దుకుంటూ నడుస్తుంది.

నాకేమనిపించిందో రాయమన్నావుగా. తలుపు తెరుచుకోగానే ఆ ఇంటివాళ్లు లోపలికి పోయి, మన మొహం మీదే తలుపు వేసేస్తారు. ఊరంతా తిరిగినా కూర్చోమన్నవాడు ఒక్కడూ లేడు. చిరాకేసింది. తర్వాత నవ్వొచ్చింది. నేను కత్తిరించిన కోటు వేసుకున్నవాడు అద్దంలో తనను చూసుకుంటాడు గానీ నన్ను చూస్తాడా?

ఇంకోటి. నాలుగో వీధిలో ఒక గోడ మీద ఇటుకలు ఒకచోట కలవలేదు. గళ్ల చొక్కాకి జేబు వంకరగా కుట్టినట్టుంది. ఇదేదో అతుకు అనుకుని తోసి చూశాను. లోపల దారి ఉంది! తాళాలవాడి సొంత ఇల్లు అక్కడుంది. దానికి తలుపే లేదు. కాసేపు అక్కడే కూర్చోబెట్టాను వాణ్ని.

ఈసారి చేత్తో రాయి.

అక్క

———

పత్రిక ఆఫీసు
జూలై 2

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గళ్ల చొక్కా జేబు! పదమూడేళ్లలో నాకలాంటి మాట ఒక్కటీ తట్టలేదు. నిన్ను మెచ్చుకోవడానికి అనడం లేదు, నిజంగానే తట్టలేదు.

టైపు సంగతి అంటావా, ఆఫీసులో అలవాటైపోయింది. దానికింత రాద్ధాంతం దేనికి?

ఈసారి రెండు పంపుతున్నాను. చేతిలో ఆడుకునేది పడవవాడి ఆట, రేవు నుంచి రేవుకి జనాన్ని దాటించాలి. రెండోది తాబేళ్ల పందెం. దీనికి టీవీకి తగిలించే పెద్ద పెట్టె కావాలి గనక నాదే పంపేస్తున్నాను, నాకిక్కడ ఆఫీసుది ఉంది. దాని పిడి మధ్యకి రెండు ముక్కలుగా ఊడొస్తుంది, తలో ముక్కా పట్టుకుని ఇద్దరు ఆడొచ్చు. మొన్న రాసినట్టే రాయి. చిన్న విషయమని ఏదీ వదిలేయకు.

తమ్ముడు

———

ఇంటి వెనక వరండా
జూలై 24

చిన్నోడా,

తాబేళ్ల పందెం మా కుట్టుగది పరువు తీసింది. ఇస్త్రీ బాబాయి తెలుసుగా, మా దగ్గర ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ పెట్టె పట్టిన పెద్దమనిషి. ఆదివారం మధ్యాహ్నం పాత చొక్కా బొత్తాలు కుట్టించుకోవడానికి వచ్చి టీవీ ముందు కూలబడ్డాడు. పిడిలో సగం ఆయన చేతికిచ్చాను. తాబేలు కుడికి తిరగాలంటే మనిషంతా కుడికి ఒరిగిపోతాడు. పదకొండుసార్లు ఓడి, "పిడి సరిగ్గా లేదమ్మా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నా ముక్క ఇచ్చి ఆయన ముక్క నేను తీసుకున్నాను. పన్నెండోసారీ ఓడాడు.

పడవ ఆట మాత్రం నవ్వులాట కాదు. అందులో ఒకావిడ పొద్దున ఎక్కుతుంది, అవతలి రేవులో దిగదు. మళ్లీ ఇటు వస్తుంది, ఇక్కడా దిగదు. ఎందుకమ్మా అని అడుగుదామంటే దానికి మీట లేదు. ఆమె సంచి ప్రతిసారీ ఒళ్లో ఒకేలా ఉంటుంది, పిడి మీద రెండు చేతులూ వేసి. ఎవరి ఇంటికో వెళ్లాలని బయల్దేరి, వాళ్ల మొహం చూడ్డానికి ధైర్యం చాలని మనిషి అనుకున్నాను. ఆట అలా చెప్పలేదు. నాకే అలా అనిపించింది.

ఇంతకీ ఆ జూలై పత్రిక ఒకటి పంపకూడదూ? నువ్వేం రాశావో చదువుతాను. నాతో చెప్పాల్సిందేమైనా ఉంటే అదీ రాయి. నేనేమీ అనుకోనులే.

అక్క

———

పత్రిక ఆఫీసు
ఆగస్టు 20

అక్కా,

తీరిక లేదు, నాలుగు ముక్కలే రాస్తున్నాను. పత్రిక కాపీలు మిగల్లేదు. నీతో చెప్పాల్సింది ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఇది పెద్ద పెట్టె మీద ఆడేది, పేరు "తొమ్మిదో అంతస్తు". ఒక ముసలాయన మేడ మెట్లెక్కుతూ, ఠపఠపా కొట్టుకుంటున్న కిటికీ ఎక్కడుందో వెతుకుతాడు. మిగతా పత్రికలు ముగింపు చెప్పకుండా దాస్తాయి. మా ఎడిటరు మాత్రం, "చదవడం ఇష్టం లేనివాళ్లు పేజీ తిప్పేయండి అని పైన హెచ్చరించి, చివరిదాకా రాయి" అంటున్నాడు. కాబట్టి ముగింపు ముఖ్యం. రెండు వారాల్లో నాకు అందాలి. మధ్యలో ఆపకు.

తమ్ముడు

———

ఇంటి వెనక వరండా
సెప్టెంబరు 3

తమ్ముడికి,

అడిగావు గనక రాస్తున్నాను.

ముసలాయన కోపిష్ఠి. అంతస్తు అంతస్తునా తలుపు తట్టి, "మీ కిటికీయేనా ఆ చప్పుడు?" అని గద్దిస్తాడు. మూడో అంతస్తులో సంగీతం పంతులు, ఐదో అంతస్తులో పసిబిడ్డ తల్లి. మాది కాదంటే నమ్మడు, లోపలికి జొరబడి చూస్తాడు. మెట్లకి వేసిన రంగు చూశావా? జనం తొక్కే మధ్యభాగంలో వెలిసిపోయి ఉంది, మోకాళ్ల దగ్గర ప్యాంటు వెలిసినట్టు. బొమ్మ గీసినవాడెవడో మెట్లెక్కి బతికినవాడే. ఎనిమిదో అంతస్తులో బయటి గోడ కూలిపోయి, గాలిలో ఒక పలక మీద నడవాలి. గాలికి ఎదురు ఎడమ పుల్లను వంచి పట్టుకుంటూనే, కుడిచేత్తో మూడు మీటలు దరువులా నొక్కాలి.

ఇక ముగింపు. తొమ్మిదో అంతస్తులో ఒకే గది. కిటికీ కొట్టుకుంటూ ఉంటుంది. దాని పక్కన కుర్చీలో వాళ్లమ్మ నిద్రపోతూ ఉంటుంది, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మెడలో కొలతల టేపుతో. అంత చప్పుడుకీ ఆమె లేవలేదు. ముసలాయన గద్దించడానికి నోరు తెరిచి, మూసేస్తాడు. కిటికీ మెల్లగా వేసి, ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంటాడు. అంతే.

ఇది చదివాక నీకేమనిపించిందో రాయి.

అక్క

———

పత్రిక ఆఫీసు
అక్టోబరు 5

అక్కగారికి,

మీ దయవల్ల నా పదమూడేళ్ల పేరు గంగలో కలిసింది.

తొమ్మిదో అంతస్తులో అమ్మ లేదు. కుర్చీ లేదు. నలభై మందికి పైగా పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆట తయారుచేసినవాళ్లూ రాశారు. అసలు ముగింపు ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. ఇంకొకరి ఆట పాడుచేయకూడదని వాళ్ల మర్యాద. అందరూ అడిగింది ఒక్కటే: "ఇతను అసలు ఆడాడా?"

అవును, నువ్వు రాసింది పత్రికలో వేశాను. నువ్వు నిజం రాశావని నమ్మి వేశాను. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో అందరి ముందూ ఆ ఆట ఆడి ముగింపు చూపించమన్నాడు ఎడిటరు. ప్రూఫులు దిద్దే ఆవిడ, బొమ్మలు వేసే అతను, అందరూ కుర్చీలు వేసుకుని కూర్చుంటారట. నేనేం చూపించను? ఎందుకిలా చేశావు? నీకు నేనేం అపకారం చేశాను? తిరుగు టపాలో జవాబు రాయి.

———

ఇంటి వెనక వరండా
అక్టోబరు 8

అమ్మ కొడుక్కి,

"నువ్వు రాసింది పత్రికలో వేశాను" అని ఇవాళ కొత్తగా చెబుతున్నావా? జూలై నుంచీ తెలుసు నాకు.

బస్టాండు దగ్గర కొట్లో ఇస్త్రీ బాబాయి కొనుక్కొచ్చాడు. తాబేళ్ల గురించి ఏమైనా రాశారేమో చూద్దామని కొన్నాడు, పాపం. భోజనాల వేళ మా గదిలో పైకి చదివాడు. గళ్ల చొక్కా జేబు. అద్దంలో తనను చూసుకునేవాడు. అన్నీ నా మాటలే, కింద నీ ఫోటో. "మీ తమ్ముడు అచ్చం నీలాగే మాట్లాడతాడమ్మా" అన్నాడాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తల కొట్టేసినట్టయింది. పని చేసింది నువ్వు, సిగ్గుపడింది నేను. కత్తెర చేతికి తీసుకుని, గుడ్డ వైపు చూస్తూ షిఫ్టు అయ్యేదాకా నిలబడ్డాను.

అడిగితే ఇవ్వనా చిన్నోడా? అక్కా, నీ మాటలు వాడుకుంటానంటే వద్దనేదాన్నా? నువ్వే చెబుతావని ఎదురుచూశాను. పత్రిక పంపమన్నది అందుకే. కాపీలు మిగల్లేదన్నావు. నా దగ్గర మూడున్నాయి.

ఇప్పుడు నా పాపం విను. ఎనిమిదో అంతస్తు నేను దాటలేదు. పదకొండు రోజులు ప్రయత్నించాను. ఎడమ బొటనవేలు వాచిపోయింది, పుల్లను వంచి పట్టుకోలేకపోయాను. చేతకాలేదని రాయడానికి అభిమానం అడ్డొచ్చింది. అప్పటికి నేను కూడా పత్రికలో రచయితనేగా, పేరు లేకపోయినా! అందుకని ముగింపు నేనే కల్పించాను. అంతవరకైతే చేతకానితనం అనుకోవచ్చు. అంతటితో అవలేదు.

కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మెడలో టేపుతో కుర్చీలో నిద్రపోయేది ఎవరురా? మనిద్దరికీ బట్టలు కుట్టి, పక్కింటివాళ్లకి కుట్టి, అలా నిద్రపోయిన మనిషిని ఎన్ని మధ్యాహ్నాలు చూశాం? ఆ వాక్యం చదవగానే గుర్తుపడతావనుకున్నాను. గుర్తుపట్టి, ఇదేంటక్కా, అమ్మని ఆటలో ఎందుకు పెట్టావని అడుగుతావు, అప్పుడు నేనూ నిజం చెప్పేస్తాను, నువ్వూ చెప్పేస్తావు. అలా అనుకున్నాను. చదువుతాడా, ఊరికే ఎత్తి రాసుకుంటాడా చూద్దామనీ అనుకున్నాను. అమ్మని ఎరగా వేశాను. అది తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

సెప్టెంబరు పత్రిక చూశాను. "కుర్చీలో ఒక వృద్ధురాలు, కళ్లద్దాలు నుదుటి మీద." టేపు లేదు. ఎక్కువైందని కొట్టేశావు కాబోలు.

శుక్రవారం నీకు ఏ మీటలు నొక్కాలో చెప్పలేను, నాకూ తెలియదు. కానీ నన్నెందుకు అడుగుతున్నావు? ఆ పెట్టె ముందు పుట్టి పెరిగినట్టు ఆడేవాడివి. ఎనిమిదో అంతస్తు నీకొక లెక్కా? అసలు ఇన్ని నెలలుగా నువ్వెందుకు ఆడటం లేదు? ఈ ఒక్కదానికి నిజం చెప్పు.

అక్క

———

నా గది
అక్టోబరు 12

అక్కా,

ఈ రాత చూసి కంగారుపడకు. నాదే. నాలుగు కాగితాలు చించేసి ఇది రాస్తున్నాను.

నా కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన చలికాలం మొదలైంది. ముందు బొటనవేలు ఒక్కటే, ఇప్పుడు మణికట్టు దాకా వచ్చింది. నరాల డాక్టరు దానికో పేరు చెప్పాడు, తగ్గదన్నాడు, తొందరగా పెరగకుండా చూద్దామన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాను. టైపు ఎడమచేత్తో కొట్టాను. ఆటలో నా బొమ్మ నేను చెప్పకుండానే ఎగురుతుంది, నేను చెప్పినప్పుడు ఎగరదు. చిన్నపిల్లల ఆటలో మొదటి గోతిలోనే పదిసార్లు పడ్డాను. పదమూడేళ్లు ఇతరుల ఆటల్లో తప్పులెంచినవాణ్ని, నాకు ఇక ఆడటం రాదని ఎవరితో చెప్పను? అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఊరికే అభిప్రాయం కోసమని అబద్ధమాడాను. మొదటి నెల రెండు వాక్యాలే తీసుకుందామనుకున్నాను. ఎడిటరు చదివి, "నీ రాతకి ఇన్నాళ్లకి ప్రాణం వచ్చిందయ్యా" అన్నాడు. ఆ మాట వినగానే దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. రెండో నెల మొత్తం ఎత్తేశాను.

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం కోసం సాకులు సిద్ధం చేసుకునే వెళ్లాను. పిడి పాడైందందామనుకున్నాను, మీ ఇస్త్రీ బాబాయిలాగే. అందరూ కూర్చున్నారు. ఎడిటరు పిడి అందించాడు. నేను జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాను. అది వణుకుతూ ఉంది, అందరూ చూస్తూ ఉన్నారు. "నేను చలికాలం నుంచి సరిగ్గా ఆడలేకపోతున్నాను. మీరు మెచ్చుకున్నవన్నీ మా అక్క రాసినవి" అన్నాను. ప్రూఫులు దిద్దే ఆవిడ నా ముందున్న టీ కప్పుని, నేను తగిలిస్తానేమోనని, మెల్లగా పక్కకి జరిపింది. తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ని కాదు.

పేజీ నా చేతిలోంచి తీసేశారు. వచ్చే నెల ఒక్క సవరణ రాసి, అసలు ముగింపు ఏమిటో చెప్పి, పాఠకులకి క్షమాపణ అడిగి ఆపేయమన్నాడు ఎడిటరు. ఆ తర్వాత ప్రూఫుల బల్ల దగ్గర కూర్చోమన్నాడు. న్యాయంగానే చెప్పాడు.

ఇవన్నీ భరించగలను. ఆ టేపు ఒక్కటే భరించలేకపోతున్నాను. అవును, నేనే కొట్టేశాను. వాక్యం పొడుగైందని. కామా ఒకటి సరిచేసి, టేపు తీసేసి, బాగా కుదిరిందనుకున్నాను. ఆ టేపుతోనే కదా ప్రతి ఏడూ గోడకి నిలబెట్టి మన ఎత్తు కొలిచేది. అమ్మను చూసి గుర్తుపట్టలేదక్కా. నన్ను తిట్టు.

తమ్ముడు

———

ఇంటి వెనక వరండా
అక్టోబరు 16

చిన్నోడా,

తిట్టడానికి కాగితం చాలదు. శనివారం బయల్దేరి రా, ఎదురుగా తిడతాను.

కుడిచెయ్యి పనిచేయకపోతే ఎడమది ఉందిగా? నాకు ఎడమది లేదు, కుడిది ఉంది. పిడి రెండు ముక్కలవుతుందని చెప్పింది నువ్వే.

అక్క

———

ప్రూఫుల బల్ల
నవంబరు 2

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టెలు బస్సులోనే అయిపోయాయి. సవరణ రాశాను, చేత్తోనే. ఎడిటరుకి ఇచ్చేముందు నీకు పంపుతున్నాను. నీకు నచ్చని మాట ఒక్కటున్నా కొట్టేయి. ఈసారి కత్తెర నీది.

"పాఠకులకు: జూలై నుంచి మూడు నెలలపాటు ఈ పేజీలో వచ్చినవి నేను ఆడినవి కావు, నేను రాసినవీ కావు. కుట్టుగదిలో బట్టలు కత్తిరించే మా అక్క ఆడి, నాకు ఉత్తరాలుగా రాసినవి. ఆమెను అడగకుండా నా పేరుతో వేసుకున్నాను. నా చెయ్యి పాడైందన్నది నిజం, కానీ దొంగతనానికి అది కారణం కాదు. సిగ్గే కారణం. చేతకాదని చెప్పడానికి సిగ్గుపడి, ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని చేశాను.

"తొమ్మిదో అంతస్తు ముగింపు తప్పుగా వేశాను. దాన్ని మా అక్కా నేనూ కలిసి, పిడిలో ఎడమ సగం నేను, కుడి సగం ఆమె పట్టుకుని, రెండు మధ్యాహ్నాలు ఆడి చూశాం. చదవడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడ పేజీ తిప్పేయండి. తొమ్మిదో అంతస్తులో ఎవరూ లేరు. అది ముసలాయన సొంత గది. పొద్దున వెళ్తూ వెళ్తూ ఆయనే వేయడం మరిచిన కిటికీ అది. వేసేస్తాడు. ఆట అయిపోయిందనుకుని పిడి కింద పెట్టబోయాం. అవలేదు. ఆయన్ని మళ్లీ కిందికి నడిపించాలి. ఎక్కేటప్పుడు గద్దించిన ప్రతి తలుపూ తట్టాలి. తలుపు తెరిచాక ఏ మీటా పనిచేయదు, ఆయన తల వంచుకుని నిలబడటమే. కొందరు నవ్వుతారు. ఐదో అంతస్తు తల్లి తలుపు తెరవదు.

"మేం వేసిన అబద్ధపు ముగింపులో కూడా ఒక నిజం ఉంది. దాన్ని నేను కొట్టేశాను, ఇప్పుడు వెనక్కి పెడుతున్నాను. కుర్చీలో నిద్రపోతున్న ఆమె మెడలో కొలతల టేపు ఉంది. ఆమె మా అమ్మ."

ఇంతే రాశాను. ఐదో అంతస్తు తలుపు తెరుచుకోనప్పుడు, నా చెయ్యి నీ ఒళ్లో వణుకుతుంటే, నువ్వు దాని వైపు చూడకుండా ఇంకోసారి తట్టమన్నావు. అది మాత్రం ఇందులో రాయలేదు. అది పత్రికకి ఇవ్వను.

తమ్ముడు

———

ఇంటి వెనక వరండా
నవంబరు 7

చిన్నోడా,

ఇస్త్రీ బాబాయికి నిజం చెప్పేశాను. "మీ తమ్ముడు నీలా మాట్లాడటం కాదమ్మా, నువ్వే మాట్లాడావన్నమాట" అని, ఆ వెంటనే "తాబేళ్ల సంగతిలో నేను ఓడిన లెక్క కూడా వేశారా?" అని అడిగాడు. వేశారన్నాను. ఆయనకీ ఒక క్షమాపణ బాకీ పడ్డావు. వచ్చినప్పుడు ఒక పందెం ఓడిపో, సరిపోతుంది.

నాకూ తట్టాల్సిన తలుపు ఒకటుంది. అమ్మని ఎరగా వేసినందుకు, ఆమే లేనప్పుడు, ఎవరిని క్షమించమనాలో తెలియక, నిన్న అమ్మ టేపు పెట్టెలోంచి తీసి మెడలో వేసుకుని పనికి వెళ్లాను. అంకెలన్నీ వెలిసిపోయాయి. అయినా రోజంతా దానితోనే కొలిచాను.

పేజీ పోయిందని ఆడటం మానకు. కొత్తదేదైనా వస్తే పట్టుకుని రా. ఎడమ సగం నీదే, ఇంకెవరికీ ఇవ్వను.

నీ సవరణ దీనితోపాటు తిప్పి పంపుతున్నాను. నీ వంకర రాత చదవడానికి గంట పట్టింది. ప్రతి అక్షరం చదివాను. ఒక్క కామా కూడా దిద్దలేదు.

అక్క